కొండ వేట సామాను: ఏది కొనాలి, ఏది మార్చుకోవాలి, ఏది అక్కడే వదిలేయాలి – తరచుగా అడిగే ప్రశ్నలు

మా అబ్బాయి అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉంటాడు. వాడి వెంట రెండు అక్టోబర్లు ఎల్క్ (అక్కడి పెద్ద జాతి జింక) వేటకు కొండలెక్కాను. తుపాకీ ముట్టలేదు, మూట మాత్రం మోశాను. విజయవాడ పటమటకు తిరిగొచ్చిన దగ్గర్నుంచి పెళ్లిళ్లలో, వాకింగ్‌లో అవే ప్రశ్నలు. పిల్లలు అక్కడున్న తల్లిదండ్రులు అడుగుతారు, వెళ్లబోయే కుర్రాళ్లు అడుగుతారు, సెలవులకొచ్చి పాత సామాను ఇక్కడ అమ్మిపోదామనుకునేవాళ్లు అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పలేక రాసి పెట్టాను.

ఇదంతా ఇక్కడ, నల్లమలలోనో పాపికొండల్లోనో వేటకు పనికొస్తుందా?

రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ వచ్చాక మన దగ్గర సరదా వేట అనేదే లేదు. 2022 సవరణతో జరిమానాలు ఇంకా పెంచారు. గట్టి రక్షణ ఉన్న జంతువును చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ‘మా తాతగారు కణితి దుప్పిని కొట్టారండీ’ అని గొప్పగా మొదలుపెట్టేవాళ్లకు నాది ఒకటే మాట: తాతగారి కాలం తాతగారితో పోయింది. కింద రాసిందంతా అమెరికా కొండలకు, అక్కడి లైసెన్సుతో, అక్కడి సీజన్‌లో చేసే వేటకు మాత్రమే.

మా వాడు హెచ్1బి మీద ఉన్నాడు. తుపాకీ పట్టుకోవచ్చా? నేను విజిటర్ వీసా మీద వెళ్తే?

సామాను కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. చాలామంది దీన్ని చివర్లో అడుగుతారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలస వీసా కాని వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్1బి, ఎఫ్1, విజిటర్ అన్నీ ఇందులోకే వస్తాయి. దీనికి మినహాయింపులు కొన్నే. మనకు పనికొచ్చేది ఒకటి: అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. గ్రీన్ కార్డు వాళ్లకు ఈ గొడవ లేదు.

‘ఒక్కసారి పట్టుకుని ఫొటో దిగుతా’ అన్నా అది దగ్గర పెట్టుకున్న కిందికే రావచ్చు. నేను ఫొటో కూడా దిగనిది అందుకే. మా ఆవిడకు ఇప్పటికీ అనుమానమే, అసలు కొండకు వెళ్లానా లేదా అని.

కొలరాడోలో ఆ లైసెన్సు కావాలంటే 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) సర్టిఫికెట్ సంపాదించాలి. కుర్రాళ్లకేమో గానీ, నా వయసు వాళ్లకూ తప్పదు.

డబ్బు కొంచెమే ఉంది. ముందు దేని మీద పెట్టాలి?

కాళ్ల మీద, తర్వాత కళ్ల మీద. తుపాకీ చివర.

కొత్తవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు. మా అబ్బాయి కూడా చేశాడు. మొదటి ఏడాది జీతంలో మిగిలిందంతా రైఫిల్‌కు పోసి, బూట్లు డిస్కౌంట్‌లో, బైనాక్యులర్ స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్నాడు. రెండో రోజు పొద్దున్నే మడమలు రెండూ పొక్కిపోయాయి. అంత ఖరీదైన రైఫిల్ గుడారంలో పడుకుంది. ఐదు రోజుల వేటలో తుపాకీ పేలేది ఒక్కసారి, అదీ పేలితే. బూట్లు మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా పని చేస్తాయి. బైనాక్యులర్ రోజుకు ఆరేడు గంటలు కళ్ల ముందే ఉంటుంది. జంతువు కనపడనివాడికి ఏ తుపాకీ ఉంటే ఏం లాభం?

బైనాక్యులర్ ఏ నంబరుది?

10×42. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి అందే వెలుగు వృత్తం ఎంతో వస్తుంది, అంటే ఇక్కడ 4.2 మిల్లీమీటర్లు. ఎల్క్ బయటికొచ్చేది తెల్లారే వేళ, మునిమాపు వేళ. అప్పుడు ఈ అంకె విలువ తెలుస్తుంది. 10×25 జేబులో పడుతుంది, నిజమే. చీకటి పడే ముందు పావుగంట అది చేతిలో ఉన్నా లేనట్టే.

ఇంకోటి. బైనాక్యులర్‌కు పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా తేలికపాటి ట్రైపాడ్ కొనండి. చేత్తో పట్టుకుంటే పది రెట్లు పెద్దదైన బొమ్మ పది రెట్లు వణుకుతుంది. ట్రైపాడ్ మీద పెట్టి, ఎదుటి కొండను మడి మడిగా, కలుపు తీసేవాళ్లు వరి చేను చూసినట్టు చూడాలి. చెవి కదలడం, కొమ్ము కొస మెరవడం కనిపిస్తాయి. మొత్తం జంతువు కనిపిస్తుందని ఎదురుచూస్తే ఏమీ కనిపించదు.

సెకండ్ హ్యాండ్ బైనాక్యులర్ తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువమంది మోసపోయేది ఇందులోనే.

పెద్ద అద్దం వైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, కంటి అద్దం వైపు నుంచి కొంచెం పక్కగా చూడండి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. పొగమంచులా మసక ఉంటే లోపలికి తేమ పోయిందన్నమాట. పైన చిన్న గీత ఉంటే కంగారు పడక్కర్లేదు, ధర తగ్గించమనండి. లోపల ఫంగస్ ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దు. దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ సరిగ్గా అమర్చగలిగేవాళ్లు మన ఊళ్లో నాకు దొరకలేదు.

రెండో పరీక్ష ప్రకాశం బ్యారేజీ దగ్గర చేస్తాను. సీతానగరం వైపు ఒడ్డున నిలబడి, బ్యారేజీ పైఅంచు మీద ఫోకస్ పెట్టి, బైనాక్యులర్‌ను మెల్లగా కళ్ల నుంచి దూరం జరపాలి. రెండు గుండ్రాల్లోనూ ఆ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదాంట్లో పైకి, ఒకదాంట్లో కిందికి ఉంటే అది ఎప్పుడో కింద పడింది, లోపలి ప్రిజం కదిలింది. అమ్మేవాడు ‘మీ కళ్లు అలవాటు పడతాయి’ అంటాడు. నిజమే, కళ్లు సర్దుకుంటాయి. సాయంత్రానికి తలనొప్పి కూడా వస్తుంది.

మూడోది గోపురం పరీక్ష. మధ్యాహ్నపు తెల్లటి ఆకాశం ముందు మంగళగిరి గాలిగోపురం అంచును చూడండి. అంచు చుట్టూ ఊదా, పచ్చ రంగుల జాలు మరీ ఎక్కువగా ఉంటే అద్దం నాసిరకం. కంపెనీ పేరు ఏదైనా సరే.

వారంటీ కూడా అడగండి. వోర్టెక్స్, ల్యూపోల్డ్ కంపెనీలు తమ అద్దాల సామానుకు జీవితకాలం బాధ్యత తీసుకుంటాయి, మొదట కొన్నవాడు ఎవరని అడగవు, రసీదు అడగవు. అందుకే అక్కడ వాటి పాత సామాను నమ్మకంగా చేతులు మారుతుంది. ల్యూపోల్డ్‌లో కరెంటు భాగాలకు మాత్రం గడువు వేరు. విజయవాడ నుంచి రిపేరుకు పంపాలంటే రానుపోను ఖర్చు మీదే, అది కలుపుకుని బేరమాడండి.

ఇంటికి తెచ్చిన అద్దాలకు ఫంగస్ పట్టకుండా ఎలా?

తోలు కేసులో పెట్టి బీరువాలో తోయకండి. మన కృష్ణ ఒడ్డు తేమకు ఒక్క వానాకాలం చాలు. నేను అలాగే ఒకటి పోగొట్టుకున్నాను. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, రంగు మారే రకం అయితే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. బియ్యం డబ్బాలో దాచమని మా వదిన సలహా ఇచ్చింది. బియ్యం తేమ పీల్చే మాట ఎలా ఉన్నా, తవుడు దుమ్ము అద్దం గీరుతుంది.

రైఫిల్ ఏ క్యాలిబర్ (గొట్టం, తూటా సైజు)?

ఈ ప్రశ్న వేస్తే అక్కడ రాత్రంతా వాదించుకుంటారు, కొబ్బరి పచ్చడిలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్నట్టు. 270 విన్చెస్టర్ 1925లో వచ్చింది, 30-06 అంతకు ముందే, 1906లో. రెండూ ఇప్పటికీ కొండల్లో పని చేస్తున్నాయి. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ భుజానికి మెత్తన. 1963 నాటి 300 విన్చెస్టర్ మాగ్నమ్ గట్టిగా కొడుతుంది, జంతువునూ భుజాన్నీ. కొలరాడోలో ఎల్క్‌కు చట్టం అడిగే కనీసం 0.24 అంగుళాల గొట్టం, 85 గ్రెయిన్ల బరువున్న తూటా. పైన చెప్పినవన్నీ దాన్ని దాటేవే.

నా సలహా: మీ వాడు భయపడకుండా పేల్చగలిగేది, ఏ చిన్న ఊరి కొట్లోనైనా తూటాలు దొరికేది తీసుకోమనండి. ఒకటి గుర్తుంచుకోవాలి. రైఫిల్ ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది. రెండున్నర కిలోల లోపు రైఫిల్‌ను మాగ్నమ్‌లో కొన్నవాళ్లు చాలామంది రెండో ఏడాదికి అమ్మకానికి పెడతారు. అలాంటివి కొట్టింది తక్కువ, కొత్తవాటిలాగే ఉంటాయి. చవగ్గా దొరికేది అక్కడే.

పాత స్కోపు (రైఫిల్ మీద బిగించే గురి అద్దం) బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

స్కోపు గొట్టం మీద రింగుల ముద్రలు పడి ఉంటే మరీ బిగించారని అర్థం. స్క్రూల తలలు అరిగి ఉంటే బిగించినవాడికి తొందరెక్కువ. ఇవి పైపైన చూసే విషయాలు. అసలు పరీక్ష రేంజిలో, అంటే గురి సాధన చేసే మైదానంలో. గురి పెట్టి ఒకటి కొట్టాలి, 20 క్లిక్కులు పైకి తిప్పి ఒకటి, 20 కుడికి తిప్పి ఒకటి, 20 కిందికి తిప్పి ఒకటి, చివరికి 20 ఎడమకు తిప్పి ఒకటి. కాగితం మీద చతురస్రం పడాలి, చివరి దెబ్బ మొదటి దెబ్బ పక్కనే పడాలి. పావు ఎంఓఏ (గురి కోణం కొలత) స్కోపులో ఒక క్లిక్కు 100 గజాల దగ్గర దాదాపు పావు అంగుళం. చతురస్రం కాస్తా పతంగిలా వంకరపోతే ఆ స్కోపు వద్దు.

కంటికీ స్కోపుకూ మధ్య దూరం తక్కువుండే రకాలు ఎదురు తన్నుకు కనుబొమ్మ చీలుస్తాయి. మూడున్నర, నాలుగు అంగుళాలు ఉండేది చూసుకోవాలి.

పై నుంచి కిందికి కొడితే ఎక్కడ తగులుతుంది?

పైకి కొట్టినా, కిందికి కొట్టినా, అనుకున్నదాని కంటే పైనే తగులుతుంది. భూమి తూటాను కిందికి లాగే లెక్క అడ్డంగా ఉన్న దూరానికే సరిపోతుంది, ఏటవాలు దూరానికి కాదు. 30 డిగ్రీల వాలులో 400 గజాలంటే 346 గజాలకు పెట్టినట్టు గురి పెట్టాలి. కోణం కూడా లెక్కేసే రేంజిఫైండర్లు (దూరం కొలిచే పరికరాలు) ఉన్నాయి, కొంటే అదే కొనండి. పైగా ఎత్తున గాలి పల్చన, తూటా ఇంకొంచెం తక్కువ వాలుతుంది. మైదానంలో సరిచేసిన గురిని కొండ దగ్గర మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ప్రయాణంలో స్కోపు ఎక్కడో తగిలి కదిలి ఉండొచ్చు కూడా.

బూట్లు పాతవి కొనొచ్చా?

ఒకరి కాలికి అరిగిన బూటు ఇంకొకరి కాలికి సరిపడదు. అయినా అసలు భయం అది కాదు. అడుగు అట్టకూ పైతోలుకూ మధ్య మెత్తటి పాలీయూరిథేన్ పొర ఉంటుంది. తేమ తగిలి ఆ పొర తనంతట తానే చితికిపోతుంది. ఒక్కరోజు కూడా తొడగకపోయినా, అట్టపెట్టెలో ఉన్నా చితుకుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పొడి పొడి అవుతుంది.

నాకు ఇది పుస్తకంలో తెలిసింది కాదు. ఒక పెద్దమనిషి ‘రెండుసార్లే తొడిగారు’ అని చెప్పి, తన అల్లుడి ఇటాలియన్ బూట్లు నాకు అమ్మాడు. తోలు మెరుస్తోంది. కొండపల్లి ఖిల్లా ఎక్కుతుంటే కుడికాలి అట్ట ఊడి చేతికొచ్చింది, దిగేటప్పుడు ఎడమది. ఆయన అబద్ధమాడలేదు, నిజంగానే రెండుసార్లే తొడిగి ఎనిమిదేళ్లు అటక మీద పెట్టారు. అందుకే బూట్ల మీద వాడకం కాదు, వయసు అడగాలి. బొటనవేలితో ఆ పొరను గట్టిగా నొక్కి చూడండి, పగుళ్లు కనిపిస్తే లేదా పొడి రాలితే వదిలేయండి.

కొత్తవి కొనేటప్పుడు సాయంత్రం, కాళ్లు కాస్త ఉబ్బాక, మందపాటి మేజోళ్లతో కొనండి. వాలు దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగలకూడదు.

బట్టలు?

నూలు వద్దు, బనీనుతో సహా. చెమటకు తడిసి ఆరదు, ఎత్తున చలికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. మెరినో ఉన్ని లోపల, గాలి ఆపేది పైన. ఈకల జాకెట్ బాగుంటుంది, తడిస్తే మాత్రం వేడి నిలవదు.

కొలరాడోలో రైఫిల్ సీజన్‌లో నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ గానీ గులాబీ గానీ ఉండాలి, తలకు కూడా అదే రంగు. మచ్చల డిజైన్ కలిసిన నారింజ లెక్కలోకి రాదు. ఈ రంగు బనియన్లు ఇక్కడ రోడ్డు పనుల వాళ్ల దగ్గర చూసి ‘ఇవే తీసుకెళ్దాం’ అన్నాను. పచ్చదనం కలిసినవి పనికిరావని మా వాడు వద్దన్నాడు.

వీపు సంచి ఎంతది?

వెళ్లేటప్పుడు ఎంత అని కాదు, వచ్చేటప్పుడు ఎంత అని అడగండి. పెద్ద మగ ఎల్క్‌ను కొడితే ఎముకలు తీశాక కూడా మాంసం ఎనభై, తొంభై కిలోలు ఉంటుంది. దాన్ని నాలుగైదు విడతలుగా మోయాలి. బరువు భుజాల మీద కాదు, నడుము పట్టీ మీద నిలవాలి. సంచీకి, దాని చట్రానికి మధ్య మాంసం ఇరికించుకునే వీలుండాలి. ఇలాంటి సంచులు పాతవి కొన్నా నష్టం లేదు. జిప్పులు, నడుము పట్టీ కుట్లు, రక్తం వాసన చూసుకుంటే చాలు. రక్తం వాసన ఉంటే బేరం మీ వైపు.

మాంసానికి గాలి ఆడే గుడ్డ సంచులు విడిగా కొనాలి. ప్లాస్టిక్ కవర్లో కడితే వేడికి చెడుతుంది. కొన్ని ప్రాంతాల్లో జింక జాతికి సోకే సీడబ్ల్యూడీ అనే జబ్బు ఉంది, పరీక్ష చేయించాకే తినమంటారు. ఫలితం వచ్చాక మా కోడలు గుంటూరు కారం దట్టించి ఇగురు పెట్టింది. ముసలి పొట్టేలు మాంసంలా ఉంది. కుక్కర్ కొండ మీదికి కూడా మోసుకెళ్లాం. 3,000 మీటర్ల ఎత్తున నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో మన బియ్యం పలుకుగానే మిగిలిపోతుంది.

విమానంలో ఏవి వెళ్తాయి?

అమెరికా లోపలి విమానాల్లో రైఫిల్‌ను తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్ దగ్గర చెప్పి, చెక్‌ఇన్ సామానులో వేయాలి. స్టవ్ గ్యాస్ డబ్బా, ఎలుగుబంటి స్ప్రే ఎందులోనూ కుదరవు. విడి బ్యాటరీలు చేతి సంచిలో.

ఇండియాకు ఏవి తెచ్చుకోవచ్చు?

బూట్లు, సంచి, బట్టలు, బైనాక్యులర్, ట్రైపాడ్ తెచ్చుకోవచ్చు. అట్టపెట్టె విప్పని కొత్తవైతే కస్టమ్స్ లెక్కలోకి వస్తాయి, చెప్పేసి సుంకం కట్టడం మేలు.

తేకూడనివి మూడు గట్టిగా చెబుతాను. ఒకటి, ఉపగ్రహంతో మాట్లాడే పరికరాలు. కొండల్లో ప్రాణం కాపాడే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి మన దేశంలో అనుమతి లేకుండా దగ్గరుంటే నేరం. సంచి పక్క జేబులో మర్చిపోయి విమానాశ్రయంలో పోలీసుల పాలైన విదేశీయులు ఉన్నారు. రెండు, రైఫిల్ స్కోపులు, రాత్రి చూపు పరికరాలు. ఇవి అమెరికా ఎగుమతి నిబంధనల అదుపులో ఉన్న వస్తువులు. ‘అద్దమే కదా’ అని సూట్‌కేసులో వేయకండి. మూడు, కొమ్ములు, తోలు. గోడకు అలంకారం కావాలంటే కొండపల్లి బొమ్మ తగిలించుకోండి.

అక్కడ రైఫిల్ అమ్మాలంటే తెలిసినవాడికి ఇచ్చేయొచ్చా?

కొలరాడోలో కుదరదు. 2013 నుంచి ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి కూడా లైసెన్సు ఉన్న డీలరు దగ్గర కొనేవాడి నేపథ్య తనిఖీ జరగాలి. వేరే రాష్ట్రం వాడికైతే అమెరికా అంతటా డీలరు ద్వారానే. బూట్లు, సంచులు, స్కోపులు దేశం లోపల పోస్టులో పంపుకోవచ్చు. అందుకే మా వాడు స్కోపును రైఫిల్ నుంచి విప్పి విడిగా అమ్ముతాడు. రెండూ కలిపి అమ్మితే స్కోపుకు ధర పలకదు.

మోసాల సంగతి?

అక్కడైనా ఇక్కడైనా ధర మరీ తక్కువుంటే ఆగండి. వస్తువు పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి ఫొటో తీయమనండి, నంబరు కనపడేలా. దొంగ ఫొటో వాడు ఇక్కడే జారుకుంటాడు. అక్కడ ‘స్నేహితులకు పంపే’ పద్ధతిలో డబ్బు వేయమంటే వేయకండి, అది తిరిగి రాదు. ఇక్కడ మీరు అమ్మేటప్పుడు ‘డబ్బు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎందుకు? బయానా ఇచ్చేవాడు ఊరికే ఇస్తాడు.

ఇక్కడ వీటిని ఎవరు కొంటారు?

వేటగాళ్లు కాదు. బైనాక్యులర్లకు ఉప్పలపాడు, కొల్లేరు పక్షులు చూసేవాళ్లున్నారు, వాళ్లకు 8×42 ఇష్టం. సంచులు, ఉన్ని బట్టలు హిమాలయాలకు ట్రెక్కింగ్ వెళ్లే కుర్రాళ్లు, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. ధర సంగతి నా లెక్క ఇది: అద్దం సామాను శుభ్రంగా ఉంటే కొత్తదానిలో సగానికి పైన, సంచి సగానికి కింద, బూట్లకు వచ్చిందే లాభం.

రైఫిల్ గురి సరదా తీరాలంటే, 0.177 బోరు మించకుండా 20 జౌల్‌ల శక్తి లోపు ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. కాగితం మీద కొట్టండి. దాంతో కౌజును కొట్టినా నేరమే.

వెళ్లే ముందు ఇక్కడ ఏం సాధన చేయాలి?

పదిహేను కిలోల బియ్యం సంచిలో వేసుకుని వారానికి మూడుసార్లు మంగళగిరి కొండ మెట్లు. ఆదివారం కొండవీడు. దిగేటప్పుడు మోకాళ్లు ఏమంటున్నాయో వినండి. ఎత్తుకు మాత్రం ఇక్కడ సాధన లేదు. సముద్ర మట్టానికి కాస్త పైనున్న ఊరి నుంచి నేరుగా 3,000 మీటర్లకు పోతే తల దిమ్మెక్కుతుంది. రెండు మూడు రోజులు మధ్యలో ఆగండి.

మీ దగ్గర ప్రస్తుతం అమ్మకానికి ఏముంది?

ఒక 8×32 బైనాక్యులర్, ఎడమ కంటి రబ్బరు చిరిగింది, అద్దాలు శుభ్రం. నడుము పట్టీ మార్చిన 70 లీటర్ల సంచి ఒకటి. తొమ్మిదో నంబరు బూట్లు, వయసు రెండేళ్లు. కావాలంటే ముందు బ్యారేజీ దగ్గరికి రండి, బేరం తర్వాత.